గంటా ఇరవై నిమిషాల దారి

టీచర్ల గది, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్

చెల్లికి,

ఫోన్లో మనం మూడో మాటకే కత్తులు నూరుకుంటున్నామని అమ్మే కదా మనకి ఈ ఉత్తరాల పద్ధతి పెట్టింది. కాగితం చివరికి వచ్చేసరికి కోపం చల్లారుతుందట. చూద్దాం, ఈ కాగితం చివరికి నాది చల్లారుతుందో లేదో.

పోయిన వారం మీ బావ ఆఫీసు పని మీద మీ ఊరు వచ్చి, సాయంత్రానికి తిరిగొచ్చేశారు. మీ ఇంటికి రాలేదని అలగకు, తీరిక దొరకలేదు. ఇంట్లో అడుగు పెడుతూనే బూట్లు విప్పుతూ, ఇంత దగ్గరని నాకు తెలియనే తెలియదు, కాఫీ తాగి పేపర్ మడిచేసరికి దించేశారు, గంటా ఇరవై నిమిషాలు, అన్నారు. నువ్వు మా గడప తొక్కవు, నేను మీ గడప తొక్కను. రెండేళ్లుగా అమ్మ ఒక్కతే మూడు నెలలు ఇక్కడ, మూడు నెలలు అక్కడ అని తిరుగుతోంది. కాబట్టి ఈ ముక్క మనిద్దరిలో ఎవరికీ తెలియలేదు. టికెట్టు దగ్గర మన పంచాయితీ పడలేక దాన్ని కూడా అమ్మే తీసుకుంటోంది. ఆ కాగితమైనా మన కంట పడలేదు.

సరే, అసలు సంగతి. పోయిన నెల అమ్మని నేనే ఎయిర్‌పోర్టులో దింపాను. విమానం తొమ్మిదింటికి. అంటే పదిన్నర లోపల అమ్మ మీ ఊళ్లో ఉండాలి. కానీ మొన్న నీ కూతురు మావాడితో ఫోన్లో మాట్లాడుతూ, అమ్మమ్మ వచ్చిన రోజు చీకటి పడిపోయింది, నేను కారులోనే నిద్రపోయాను అంది. చిన్నపిల్లకి అబద్ధం ఆడాల్సిన పనేముంది?

దూరం, వేగం, కాలం లెక్కలు పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. ఈ లెక్కకి నాకు ఒకటే జవాబు వస్తోంది. నీ ఆఫీసు అయ్యేదాకా అమ్మని ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చోబెడుతున్నావు. ఆవిడ అడగదు కదా అని పొద్దున్నుంచి చీకటిదాకా తిండీ తిప్పలూ లేకుండా కూర్చోబెట్టడానికి నీకు మనసెలా వచ్చింది?

జవాబు సూటిగా రాయి.

అక్క


ఆఫీసు, నా బల్ల దగ్గర నుంచి

అక్కకి,

సూటిగానే రాస్తున్నాను. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే దాన్ని నేను. కాలిపోయిన గోడౌనులో సరుకు నిజంగా ఉందా లేదా అని అనుమానించడమే నా జీతం. ఆ చూపు నువ్వు నా మీదే తిప్పుతావనుకోలేదు.

అమ్మ వచ్చే విమానం సాయంత్రం ఆరు దాటాక దిగుతుంది. ప్రతిసారీ అంతే. నేను గంట పర్మిషన్ పెట్టి, పిల్లని స్కూలు నుంచి అటే తీసుకెళ్లి, ఆరు కాకముందే గాజు తలుపుల ముందు నిలబడతాను. అమ్మ నలుగురితో పాటు నడుచుకుంటూ బయటికి వస్తుంది. ఎక్కే ముందు ఐదింటికి నాకు ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్క రింగు, కట్. ఎక్కాను అని దానర్థం. పొద్దున పది నుంచి కుర్చీలో కూర్చున్న మనిషి సాయంత్రం ఐదింటికి ఎక్కాను అని ఎందుకు చెబుతుంది?

విమానం గంటా ఇరవై నిమిషాలే అయితే అది మీ ఊరి నుంచి సాయంత్రమే బయల్దేరుతుందన్నమాట. మరి అమ్మని పొద్దున్నే ఎందుకు ఇంట్లోంచి పంపేస్తున్నావు? బావగారి కారు పొద్దున పూటే ఖాళీగా ఉంటుందనా? మూడు నెలల వంతు అయిపోయింది, ఇక ఒక్క పూట కూడా ఎక్కువ భరించలేననా? అమ్మని ఎన్నిసార్లు అడిగినా మీ ఇంట్లో నా గురించి ఏమనుకుంటారో చెప్పదు. చెప్పకపోయినా నాకు అర్థమవుతుంది.

కాగితం చివరికి వచ్చాను. చల్లారలేదు.

చెల్లి


ఇంటి నుంచి, ఆదివారం

చెల్లికి,

నీ ఉత్తరం చదివి ముందు చింపేద్దామనుకున్నాను. తర్వాత రెండోసారి చదివాను. ఆ మిస్డ్ కాల్ దగ్గర ఆగిపోయాను.

అమ్మ నాకు కూడా ఇస్తుంది. ఒక్క రింగు, కట్. నా దగ్గర దానర్థం, దిగాను అని. ప్రతిసారీ పది గంటలకి వస్తుంది. అటెండెన్సు తీస్తూ ఉంటాను, బ్యాగులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగుతుంది, హమ్మయ్య అనుకుంటాను. తొమ్మిదింటికి ఎక్కి పదింటికి దిగింది. మీ బావకి గంటా ఇరవై పట్టిన దారి అమ్మకి గంటలోనే ఎలా అయిపోయింది? ఇది మొదటి ఉత్తరం రాసేటప్పుడే నాకు తట్టాల్సింది. లెక్కల టీచర్ని, సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఒకటి చెప్పు. నువ్వు నిజమే రాశావా? రాసి ఉంటే, అమ్మ పొద్దున పదింటికి ఎక్కడో దిగుతోంది, సాయంత్రం ఐదింటికి ఎక్కడి నుంచో ఎక్కుతోంది. మధ్యలో ఆ ఏడు గంటలు ఆవిడ నా దగ్గరా లేదు, నీ దగ్గరా లేదు. నిజం రాసి ఉండకపోతే మాత్రం ఆ మిస్డ్ కాల్ కథ బాగానే అల్లావు.

అమ్మ ఇప్పుడు నీ దగ్గరే ఉంది కాబట్టి మెల్లగా అడుగు. నీ ఆఫీసు పద్ధతిలో మాత్రం వద్దు.

అక్క


ఆఫీసు భోజనాల గది

అక్కకి,

నమ్మకపోతే మా సెక్యూరిటీ రిజిస్టరులో నా పర్మిషన్ సంతకాలు చూసుకో. సరే, వదిలేద్దాం. ఇప్పుడు నాకు నీ మీద కోపం కంటే అమ్మ గురించి భయం ఎక్కువగా ఉంది.

మన రెండు ఊళ్లకీ మధ్యలో, కాస్త పక్కకి, ఇంకో ఊరుంది. అక్కడ విమానం మారి వచ్చే దారి కూడా ఉందట. మీ ఊరి నుంచి అక్కడికి యాభై నిమిషాలు, అక్కడి నుంచి మా ఊరికి ఇంకో యాభై. పొద్దున అక్కడ దిగితే సాయంత్రం దాకా రెండో విమానం లేదు. అమ్మ వచ్చేది అదే దారి. తిన్నగా వచ్చే విమానం రోజుకి మూడుసార్లు ఉండగా, కాళ్ల నొప్పులున్న మనిషి ఈ చుట్టుదారి ఎందుకు ఎంచుకుంటుంది?

నిన్న బట్టలు మడతపెడుతూ ఏమీ ఎరగనట్టు కదిపాను. అమ్మా, అక్క వాళ్ల ఊరు నుంచి విమానం ఎంతసేపు పడుతుంది అన్నాను. అమ్మ తల ఎత్తకుండా దుప్పటి అంచులు కలుపుతూ, "విమానం కదే, అది దింపినప్పుడు దిగుతాం" అంది. మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అన్నాను. "ఈ దుప్పటి నువ్వు పట్టుకున్న వైపు వంకరగా ఉంది చూడు" అంది. క్లెయిములు పెట్టేవాళ్లని రోజుకి పదిమందిని ప్రశ్నలతో తిప్పలు పెడతాను. అమ్మ నా చెవిలో పువ్వు పెట్టి మడతలు సరిచేయించింది.

ఇంకో సంగతి నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఈసారి వచ్చిన రోజు చేతులు కడుక్కుంటుంటే చూశాను. ఎడమ చేతి వేళ్ల కొసల నిండా సూది పోట్లు. ఏమిటివి అంటే, ఏదో గుచ్చుకుందిలే అంది. ఒకటీ రెండూ కాదు అక్కా. వేలి కొసన అన్ని పోట్లు ఎవరికుంటాయో నాకు తెలుసు, రోజూ ఆ ఫైళ్లే చూస్తాను. రక్తపరీక్షలు చేయించుకునేవాళ్లకి ఉంటాయి. అమ్మ మధ్యలో ఉన్న ఆ ఊళ్లో ఎవరో డాక్టరు దగ్గరికి వెళ్తోంది. మనకి తెలియకుండా ఏదో పెద్ద జబ్బే మోస్తోంది.

నీ ఇంట్లో ఉన్నప్పుడు నీకేమీ కనిపించలేదా? కనిపించినా నాకు చెప్పకుండా దాచావా?

చెల్లి


ఇంటి నుంచి, సాయంత్రం

చెల్లికి,

దాచలేదు. కనిపించింది, పట్టించుకోలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆ వేళ్లు అలాగే ఉంటాయి, వారం రోజుల్లో మామూలవుతాయి. ప్రయాణం చేసిన ప్రతిసారీ. అంటే నువ్వనుకున్నట్టు అది ఆ మధ్య ఊళ్లోనే జరుగుతోంది. తిరుగు ప్రయాణంలో కూడా ఆవిడ అక్కడ ఆగుతోందన్నమాట. నువ్వు పొద్దున్నే దింపుతూ ఉండాలి, నేను తెచ్చుకునేది సాయంత్రం. నేనైతే ఆ రోజుల్లో నువ్వు మధ్యాహ్నం దాకా అమ్మతో ఇంటి పని చేయించుకుని ఆఖర్న పంపుతున్నావని అనుకునేదాన్ని. అనుకున్నదేదో అనుకున్నాను, దాచడం దేనికి.

మీ బావకి చెబితే ముందు నవ్వారు. మీ అమ్మకి అక్కడ ఎవరైనా ముసలాయన తోడు దొరికాడేమో, మనకెందుకు అన్నారు. నేను ముఖం మాడ్చుకునేసరికి ఊరుకున్నారు. కానీ చెల్లీ, నిజం చెప్పనా, జబ్బు అనుకోవడం కంటే ముసలాయన అనుకోవడమే నాకు తేలిగ్గా ఉంది.

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇక ఈ తిరుగుళ్లు వద్దు. ఈసారి వచ్చాక అమ్మ నా దగ్గరే ఉండిపోతుంది. మా వీధి చివరే ఆసుపత్రి ఉంది, మాకు కింది గది ఖాళీగా ఉంది, మెట్లెక్కే పని లేదు. తిన్నగా వచ్చే విమానానికి నువ్వే టికెట్టు తీసి, నువ్వే లోపలికి పంపి రా. నేను ఇక్కడ గుమ్మంలో కాసుకుని ఉంటాను. గంటా ఇరవై నిమిషాల్లో ఎక్కడికీ జారుకోలేదు కదా.

అక్క


ఆఫీసు

అక్కకి,

నిర్ణయం అయిపోయిందన్నమాట, నాకు తెలియజేస్తున్నావంతే. అమ్మని పూర్తిగా నీ దగ్గరే ఉంచుకోవాలని నీకు మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు జబ్బు వంక దొరికింది. మీ వీధి చివర ఆసుపత్రి ఉంటే మా వీధి మొదట్లో రెండున్నాయి. నీ కొడుకు పెద్దవాడయ్యాడు, నా పిల్లకి ఇంకా జడ వేసే మనిషి కావాలి.

అయినా ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే నిన్న అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటుంటే చూశాను. నొప్పా అంటే, లేదు, మొద్దుబారిపోతున్నాయి అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నీతో పోట్లాడే ఓపిక కూడా లేదు.

టికెట్టు తీశాను. వచ్చే గురువారం పొద్దున. అమ్మ చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, ఇది తిన్నగా పోయేదా అంది. అవును, అక్కా నేనూ కలిసి తీశాం అన్నాను. మీరిద్దరూ కలిశారా అని చాలాసేపు నా ముఖంలోకి చూసింది. సంతోషపడిందనుకున్నాను.

ఒక్క షరతు. నెలకోసారి నేను వస్తాను. అడ్డు చెప్పకూడదు.

చెల్లి


ఇంటి నుంచి, గురువారం సాయంత్రం

చెల్లికి,

మధ్యాహ్నం ఫోన్లో నోటికొచ్చినట్టు అరిచాను. నువ్వూ తక్కువేం తినలేదులే. ఇప్పుడు కాస్త నెమ్మదించి రాస్తున్నాను.

విమానం సరిగ్గా టైముకే దిగింది. నేను గాజు తలుపుల ముందు నిలబడి బయటికొచ్చిన ప్రతి ముఖం చూశాను. చంకలో పసివాణ్ణెత్తుకున్నామె వచ్చింది, చేతి కర్రతో ఒక పెద్దాయన వచ్చాడు, విమానంలో పనిచేసే అమ్మాయిలు కూడా చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోయారు. అమ్మ రాలేదు. కౌంటరులో అడిగితే ఆ పేరుగల మనిషి అసలు ఎక్కలేదన్నారు. అక్కడే సామాన్ల బండి మీద కూర్చుండిపోయాను. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? నువ్వు అమ్మని పంపకుండా ఆపేశావని. అందుకే అంత అరిచాను.

ఇల్లు చేరాక ఫోన్ చూసుకున్నాను. పదింటికి ఒక మిస్డ్ కాల్ ఉంది. ఒక్క రింగు, కట్. ఆ గోలలో వినిపించలేదు. నీకు కూడా వచ్చిందన్నావు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే టైములో, ఒకే కబురు రావడం ఇదే మొదటిసారి. తిరిగి చేస్తే ఎత్తదు.

బతికే ఉంది. క్షేమంగానే దిగింది. ఎక్కడో మాత్రం నీకూ నాకూ తెలియదు.

అక్క


కుట్టు గది పైన మేడ మీద గది, రెండు ఊళ్లకీ మధ్య

పెద్దదానికీ చిన్నదానికీ అమ్మ రాయునది.

ఇదే ఉత్తరం రెండుసార్లు రాసి ఇద్దరికీ వేరువేరుగా పంపుతున్నాను. ఒకళ్లకి ముందు పంపితే ఎందుకు పంపానని రెండోవాళ్లు ఆరా తీస్తారు.

నేను క్షేమం. నాకు ఏ జబ్బూ లేదు. చిన్నదానా, నువ్వు తీసిన టికెట్టు నా పర్సులోనే ఉంది. నా టికెట్టు నేను ముందే తీసుకున్నాను, గుమ్మం దగ్గర అదే చూపించాను. నువ్వు చెయ్యి ఊపుతూ ఉంటే నాకు చాలా బాధేసింది. అయినా లోపలికి వెళ్లాను. ఇన్నాళ్లూ మీకు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. దిగాను అన్నప్పుడు దిగాను, ఎక్కాను అన్నప్పుడు ఎక్కాను. ఎక్కడ అని మీరు అడగలేదు. అడగనిది నేను చెప్పలేదు, ఆ తప్పు నాదే.

ఇక్కడ నాటకశాలలకీ సభామందిరాలకీ తెరలు కుట్టే షాపు ఉంది. దాన్ని నడిపేది నా పాత జోడీ. మీరు పుట్టకముందు ఆమే నేనూ ఒకే బల్ల మీద కుట్టేవాళ్లం. రెండేళ్ల కిందట మొదటిసారి పెద్దదాని ఇంటి నుంచి చిన్నదాని ఇంటికి బయల్దేరినప్పుడు తెలియక ఈ చుట్టుదారి టికెట్టు తీశాను. పొద్దున దిగాను, సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆమెకి ఫోన్ చేస్తే ఆటో వేసుకొచ్చి షాపుకి తీసుకెళ్లింది. బల్ల మీద మొఖమల్ గుడ్డ పరిచి ఉంది, బరువుకి జారిపోతోంది. ఇటు పట్టుకోవే అంది. పట్టుకున్నాను. ఐదు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. తర్వాత నుంచి తెలిసే అదే టికెట్టు తీసుకున్నాను.

మొఖమల్ మందం. మెషిన్ కింద పెట్టే ముందు మడత మొత్తం చేత్తో కుట్టుకోవాలి. అలవాటు తప్పింది కాబట్టి సూది వేళ్లలో దిగేది. నా వేళ్లు చూసి మీకు జబ్బు గుర్తొచ్చిందని చిన్నదాని చూపులు చూస్తే తెలిసిపోయింది. ఆ సూదితోనే మీ ఇద్దరి స్కూలు ఫీజులూ కట్టాను. అది ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మీ ఇళ్లలో నాకు ఏ లోటూ లేదు. వేడి నీళ్లు పెట్టారు, మంచి పరుపు వేశారు, పిల్లలు మెడకి చుట్టుకుని పడుకున్నారు. అవన్నీ నాకు కావాలి. కానీ పెద్దదాని ఇంట్లో దిగిన మొదటి గంటలోనే, చెల్లి ఏమంటోందమ్మా, నా గురించి ఏమైనా అందా అని మొదలయ్యేది. చిన్నదాని ఇంట్లో కారు ఎక్కకముందే, అక్క నీతో ఎంత పని చేయించింది అని మొదలయ్యేది. నేను ఏం చెప్పినా రెండో ఇంటి మీద చాడీ అయ్యేది. ఏమీ చెప్పకపోతే దాస్తున్నాననేవారు. ఒకళ్ల దగ్గర వంట బాగుందంటే రెండోవాళ్ల ముఖం మారిపోయేది. మీ ఇద్దరూ మాట్లాడుకోకపోవడానికి నన్ను మధ్యలో పెట్టుకున్నారు. రెండేళ్లు మోశాను. నా కాళ్లకి నొప్పి పుట్టింది అందుకేగానీ వయసు వల్ల కాదు.

ఈ ఏడు గంటల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అంచు తిన్నగా వచ్చిందా అని తప్ప. ఇక్కడ నన్ను అమ్మా, అత్తా, అమ్మమ్మా అని పిలిచేవాళ్లు లేరు, మేస్త్రీ అంటారు. ఆ పిలుపు వింటే నాకు ఎంత బాగుంటుందో మీకు ఎలా చెప్పను.

మీరిద్దరూ కలిసి టికెట్టు తీశారని తెలియగానే ఎంత సంతోషించానో అంత భయపడ్డాను. మీరు మొదటిసారి కలిసింది నన్ను ఒకచోట కట్టెయ్యడానికి. తిన్నగా పోయే దారిలో వెళ్తే ఈ ఊరు నాకు మళ్లీ రాదు. అందుకే ఇక్కడ దిగిపోయాను. షాపు పైన గది ఉంది. ఒక మంచం, గోడకి రెండు కొక్కేలు, వీధిలోకి తెరుచుకునే కిటికీ. ఇక్కడే ఉంటాను. చేతులు ఆడినన్నాళ్లు ఉంటాను, ఆడనప్పుడు అప్పుడు చూద్దాం.

మీరు రండి. ఇద్దరి ఊళ్ల నుంచీ యాభై నిమిషాలే. కానీ ఒక్కరు వస్తే తలుపు తీయను. కిటికీలోంచి చూస్తాను. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటేనే కిందికి దిగుతాను. ఎవరు పిలిచారు, ఎవరు ముందొచ్చారు అని నన్ను అడగకూడదు. నా గురించి అడగాల్సింది నన్ను అడగండి. మీ గురించి అడగాల్సింది మీరు ఒకర్నొకరు అడుక్కోండి.

పిల్లలకి ముద్దులు.

అమ్మ


ఆఫీసు, నా బల్ల దగ్గర నుంచి

అక్కకి,

ఉత్తరం నీకూ అంది ఉంటుంది. నువ్వు ఏడ్చావా అని అడగను. నేను ఏడ్చాను. భోజనాల గదిలో అందరూ చూశారు.

అమ్మని నేను అలా అడిగేదాన్నా అని మా ఆయన్ని అడిగితే, ప్రతిసారీ, ఎయిర్‌పోర్టు పార్కింగులోనే మొదలుపెట్టేదానివి అన్నారు. నువ్వు బావగారిని అడగక్కర్లేదులే.

వచ్చే శనివారం సెలవు పెట్టాను. నా విమానం మా ఊరి నుంచి మొదటిది, అక్కడ పొద్దున తొమ్మిదింటికే దిగుతుంది. మీ ఊరి నుంచి వచ్చేది పది దాకా దిగదట, చూశాను. నీకు వేరే పనుంటే ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఉత్తరం వద్దు, నేను రోజు మార్చుకుంటాను. లేకపోతే నువ్వు దిగేదాకా ఆ గంటా నేను బయట తలుపు దగ్గరే ఉంటాను. నీకంటే ముందు అమ్మ దగ్గరికి వెళ్లిపోయానేమో అని దారంతా అనుమానపడుతూ రాకు.

చెల్లి